ప్రమాదం కలగవచ్చు

పోయిన నెల ఇంట్లో కంప్యూటర్‌లోకి తెలుగు టైపు చేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించుకుంటున్నాను. సగంలో తెర మసకబారి మధ్యలో ఒక ఎర్ర డబ్బా వచ్చింది. నేను దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పైకి చదివాను. దీన్ని తయారు చేసినవారెవరో తెలియదంది. కంప్యూటర్‌కు ప్రమాదం కలగవచ్చంది. చివర్లో, రంగు ఎరుపు అని కూడా చెప్పాను. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి, గదిలో ఎవరూ లేకపోవడం చూసి, ఎవరికి చదువుతున్నావని అడిగింది. నేను చదివి వినిపించాల్సిన మనిషి పోయిన వానాకాలంలోనే చనిపోయాడు.

ఆయనా నేనూ అచ్చంపేట దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో కలిసి పనిచేశాం. ఆయన తెలుగు చెప్పేవాడు, నేను భౌతికశాస్త్రం. ఆయనకు పుట్టుకతో చూపు లేదు. వయసులో నాకంటే బాగా పెద్ద. నేను సార్ అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు.

స్టాఫ్ రూములో కిటికీ పక్క కుర్చీ ఆయనది. కూర్చోగానే, నాటు వెయ్యడానికి మడిలోకి దిగుతున్నట్టు, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచేవాడు. తర్వాత లాప్‌టాప్ తెరిచి ఇయర్‌ఫోన్ ఒకటి ఎడమ చెవిలో పెట్టుకునేవాడు. కుడి చెవిలో ఎప్పుడూ పెట్టుకోడు. ఎడమ చెవి మిషనుకు, కుడి చెవి మనుషులకు అని ఆయన చేసిన పంపకం. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఉచిత ప్రోగ్రాం ఒకటి ఆయన లాప్‌టాప్‌లో ఉండేది. దాన్ని ఆయన ‘గొంతు’ అనేవాడు. ఆ గొంతు వేగం మాకెవరికీ అందేది కాదు. రేకు డబ్బాలో శనగలు పోసి ఊపినట్టు వినిపించేది. ఆయన మాత్రం దాన్ని వింటూనే మా మాటల్లో కూడా దూరి జవాబులు చెప్పేవాడు.

ఆ గొంతుకు ఒక బలహీనత ఉంది. కొత్తది ఏదైనా ఎక్కించేటప్పుడు హెచ్చరిక వస్తే అది మూగబోయేది. తెర మసకబారుతుంది, డబ్బా వస్తుంది, గొంతు ఆగిపోతుంది. జాగ్రత్త అని చెప్పాల్సిన చోటే చెప్పేవాళ్లు లేకుండా పోతారు. అప్పుడాయన ఆటో ఆపుతున్నట్టు అరచేయి పైకి లేపి నన్ను పిలిచేవాడు.

“తమ్మీ, గొంతు పోయింది. ఏమంటుందో జర సూడు.”

మొదటిసారి నేను తెర చూసి, వద్దంటుంది సార్ అని ఊరుకున్నాను. అది ఆయనకు నచ్చలేదు. నువ్వు అర్థం చేసుకున్నది నాకొద్దు, అక్కడున్నది చదువు, అర్థం నేను చేసుకుంటానన్నాడు. నేను ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి చెప్పాను. డబ్బా ఏ రంగని అడిగాడు. రంగుతో మీకేం పని సార్ అనే మాట నోటిదాకా వచ్చి ఆగింది. పసుపు రంగైతే అది సణుగుతున్నట్టు, ఎరుపైతే అరుస్తున్నట్టు అని ఆయనకెవరో చెప్పారట. తర్వాత అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది.

“ప్రమాదం ‘కలగవచ్చు’ అన్నదా, ‘కలుగుతది’ అన్నదా?”

కలగవచ్చు అనే ఉందన్నాను. బొటనవేలి గోటితో కింది పెదవి రాసుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. ఏదైనా తెమలని విషయం ఎదురైతే ఆయన చేసే పని అదే. మరునాడు ఆ మాటను తొమ్మిదో తరగతికి పట్టుకుపోయాడు. లోపలికి రావచ్చు అంటే అనుమతి, వాన రావచ్చు అంటే అనుమానం, నాకు ఈత వచ్చు అంటే తెలివిడి. ఒక్క ‘వచ్చు’ ఇన్ని పనులు చేస్తుంటే, ప్రమాదం కలగవచ్చు అన్నవాడు భయపెడుతున్నాడా, ప్రమాదానికి తలుపు తీసి రమ్మంటున్నాడా అని పిల్లల్ని అడిగాడట. పిల్లలు నవ్వి ఊరుకున్నారని, తాను మాత్రం నిజంగానే తెలియక అడిగానని నాతో అన్నాడు.

ఇలా ఉండగా ఒకనాడు ఆయనకు చూపులేని టీచర్ల వాట్సాప్ గ్రూపులో కొత్త ప్రోగ్రాం ఒకటి వచ్చింది. అచ్చు కాగితాన్ని స్కానర్ మీద పెడితే అందులోని తెలుగును గుర్తుపట్టి చదివి వినిపిస్తుందట. తయారుచేసినవాడు కూడా చూపులేని కుర్రవాడే. ఉచితంగా పంచుతున్నాడు. అప్పటిదాకా ఆయన తెలుగు వాచకాన్ని ఇంటి దగ్గర భార్య చదివితే విని, గుర్తుపెట్టుకుని, మరునాడు పాఠం చెప్పేవాడు. అచ్చులో ఉన్న పేజీని ఇంకొకరి నోటి సాయం లేకుండా చదవడమనేది ఆయన జీవితంలో జరగలేదు.

స్కానర్ ఉన్నది బడి కంప్యూటర్‌కే. హెడ్‌మిస్ట్రెస్ మేడంను అడిగి అందులో ఎక్కించబోయాం. డబ్బా వచ్చింది. ఈసారి అనుమానంగా మాట్లాడలేదు. ఇది హాని చేసే ప్రోగ్రాం, దీన్ని ఆపేశాను, తీసేస్తున్నాను అంది. నేను మొత్తం చదివాను. మేడం నా వెనకాల నిలబడి వింది. అందులో పిల్లల మార్కులున్నాయని, అవి పోతే తాను ఎవరికి జవాబు చెప్పుకోవాలని అంది. మీ మీద నమ్మకం లేక కాదు సార్, అదెవరిదో తెలియదు కదా అని మెత్తగానే చెప్పింది.

సారు ఆ కుర్రవాడికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. కుర్రవాడు మర్యాదగా మాట్లాడాడు. అది ఉత్త అనుమానమేనన్నాడు. కొత్త ప్రోగ్రాంలకు, తనలాంటి పేరులేనివాళ్లు చేసినవాటికి అలా వస్తుందని, పదిమంది వాడితే దానంతటదే ఊరుకుంటుందని చెప్పాడు. అది అరుస్తుంటే పదిమంది ఎట్లా వాడతారని సారు అడిగితే, అదే నాక్కూడా అర్థం కావడం లేదు సార్ అన్నాడు. చివరికి ఒక ఉపాయం చెప్పాడు. యాంటీవైరస్ అనే కాపలా ప్రోగ్రాంను కాసేపు ఆపేసి, ఎక్కించుకుని, మళ్లీ నడిపించుకోండి అన్నాడు.

ఫోన్ పెట్టేశాక సారు గోటితో పెదవి రాసుకుంటూ కూర్చున్నాడు.

“పిలగాడు మంచోడే అనిపిస్తుండు తమ్మీ. గని దొంగోడు గూడ గదే మాట అంటడు గద. చౌకీదారును జర పండబెట్టుండ్రి అనే అంటడు.”

అనుమానమున్న ఫైలును చాలా కాపలా ప్రోగ్రాంలతో ఒకేసారి పరీక్షించే వెబ్‌సైట్ ఉందని తెలిసి అందులో పెట్టి చూశాను. కొన్ని దొంగ అన్నాయి. ఎక్కువవి ఏమీ లేదన్నాయి. దొంగ అన్నవాటికైనా ఒక మాట లేదు. ఒకటి ఒక పేరు పెడితే ఇంకొకటి ఇంకో పేరు పెట్టింది. సారు అన్నీ విని, పంచాయితీలో సాక్ష్యాలు కూడా ఇట్లాగే ఉంటాయన్నాడు. అన్నీ చూసినవాడు ఏమీ చెప్పడు, చెప్పేవాడు ఏం చూశాడో చెప్పడు. ఎవరు ఏ నింద మోసుకొచ్చినా ఆయన అడిగేది ఒక్కటే, “ఏం జూసి?” అని. ఎర్ర డబ్బాను కూడా అదే అడిగేవాడు. ఏం చూసి దాన్ని దొంగ అంటున్నదో ఆ డబ్బాలో ఎక్కడా రాసి ఉండేది కాదు.

వారం పైనే ఆలోచించి, బడి కంప్యూటర్ జోలికి పోవద్దనుకున్నాడు. కాగితం మీదికి వంగి చూసే చిన్న కెమెరా, దానికో స్టాండు తెప్పించుకున్నాడు. ప్రోగ్రాం తన లాప్‌టాప్‌లోనే ఎక్కించమన్నాడు. దోచుకుంటే నన్నే దోచుకుంటుంది అన్నాడు. కాపలా ఆపి, చివరి బొత్తాం నేను నొక్కబోతుంటే నా చేయి పట్టుకున్నాడు. అది నీ చేత్తో వద్దు, రేపు ఏమైనా అయితే నీ మీద ఉంటుంది, నా వేలు అక్కడ పెట్టమన్నాడు. పెట్టాను. ఆయనే నొక్కాడు.

మొదట ఏం చదవాలన్నది ఆయన ముందుగా అనుకోలేదు. బల్ల మీద మిరపకాయ బజ్జీలు తిన్న కాగితం ఉంది. నూనె మరకలతోనే దాన్ని కెమెరా కింద పెట్టాడు. అమ్రాబాద్ వైపు ఒక పల్లె పొలిమేరలో పులి అడుగులు కనిపించాయని వార్త. పులి నిన్న సాయంత్రం అనే దాకా చదివి గొంతు ఆగిపోయింది. కాగితం అక్కడికి చిరిగిపోయింది. మేమందరం చప్పట్లు కొట్టాం. ఆయన మాత్రం నిన్న సాయంత్రం పులి ఏం చేసిందని అడిగాడు. మిగతా సగం కోసం అటెండర్‌ను బజ్జీల బండి దగ్గరికి పంపాడు. అది దొరకలేదు. ఆయన మొహంలో సంతోషం, చికాకు రెండూ ఒకేసారి కనిపించాయి. ఇన్నాళ్లూ నాకు చదివి పెట్టినవాళ్లు కాగితం చిరిగిందని ఎప్పుడూ చెప్పలేదు, వాళ్లే ఏదో కలిపి ముగించేవాళ్లేమో అన్నాడు.

అప్పటి నుంచి మధ్యాహ్నం భోజనాల తర్వాత మాకు పత్రిక చదివి వినిపించడం ఆయన పని అయింది. కెమెరా కింద పేజీ పెట్టి, ఎడమ చెవిలో విన్నదాన్ని పైకి చెప్పేవాడు. ఆ ప్రోగ్రాంకు ‘ప’కు ‘వ’కు తేడా సరిగా తెలియదు. వడగళ్లకు వంట నష్టపోయిన రైతులు అని చదివేది. ఆయన లోలోపలే దిద్దుకుని పంట అనేవాడు. ఇయర్‌ఫోన్ తీగ పొట్టిది కావడంతో తల కాగితం మీదికి వంచి కూర్చునేవాడు. వరండాలో నిలబడి కిటికీలోంచి చూసేవాళ్లకు ఒక మనిషి తల వంచి తడుముకోకుండా పత్రిక చదువుతున్నట్టే ఉండేది.

ఎవరో అట్లాగే చూశారు. జిల్లా ఆఫీసు నుంచి మేడంకు ఫోన్ వచ్చింది. మీ తెలుగు టీచర్‌కు కళ్లు కనిపిస్తాయని, దొంగ సర్టిఫికెట్‌తో ఉద్యోగం చేస్తున్నాడని ఫిర్యాదు వచ్చిందన్నారు. మళ్లీ పరీక్షకు పంపాలన్నారు. ఎవరు చేశారో చెప్పలేదు. మేడం తన గదిలోకి ఆయన్ను, తోడుగా నన్ను పిలిచి ఈ మాట చెప్పింది. ఆయన అలవాటు ప్రకారం ఏం చూసి అన్నారని అడిగాడు. మీరు పేపర్ చదువుతుంటే చూశారట సార్ అంది.

“చదివిన మాట నిజమే గద మేడం,” అన్నాడాయన. ఒక్క క్షణం ఆయన మొహం వెలిగింది. తర్వాత మెల్లగా విషయం తలకెక్కినట్టుంది. కుర్చీ వీపు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

పత్రిక చదవడం మానేశాడు. స్టాఫ్ రూములో ఏదో మారింది. ఆయన నడిచే దారిలో ఒకరు చప్పుడు చేయకుండా కుర్చీ జరిపి చూశారు. ఇంకొకరు ఆయన మొహం ముందు రెండు వేళ్లు ఆడించారు. ఆయనంటే ఇష్టమున్నవాళ్లే వాళ్లు. నా సంగతి కూడా చెప్పాలి. ఒకరోజు వరండాలో బిందె ఒలికి నీళ్లు పారి ఉన్నాయి. ఆయన నీళ్ల దాకా వచ్చి పక్కకు జరిగి నడిచాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. ఆ తర్వాత ఆ రోజంతా పాఠం మీద మనసు నిలవలేదు. ఆయన కనిపించదంటే నమ్మాలనిపిస్తుంది, కళ్లతో చూసినదాన్ని ఏం చేయాలో తెలియదు.

జిల్లా దవాఖానకు నేనే తోడుపోయాను. డాక్టర్ దురుసుగా ఏమీ లేడు. కంట్లోకి టార్చి వేసి, వెలుతురు కనిపిస్తున్నదా అని అడిగాడు. తెలియదన్నాడు సారు. కనిపిస్తే కనిపిస్తుందనండి, లేకపోతే లేదనండి అన్నాడు డాక్టర్.

“పొద్దుగాల గడప కాడ నిలబడితే కండ్ల ముంగట బూడిద లెక్క ఒకటి వస్తది సార్. చిన్నప్పటి సంది వస్తది. మీరు వెలుతురు అనేది దాన్నేనా, ఇంకోటా? నాకెట్ల తెలుస్తది?”

డాక్టర్ కలం పట్టుకుని ఆయన వంకా నా వంకా చూశాడు. ఆ ప్రశ్నకు జవాబు రాసే గడి ఆయన ముందున్న కాగితంలో లేదనుకుంటాను. హైదరాబాద్‌లో మిషను పరీక్ష చేయించుకోమని రాసిచ్చాడు.

బయటికి వచ్చాక నాకు కోపం వచ్చింది. కనిపించదని ఒక్క మాట అంటే అయిపోయేది కదా సార్ అన్నాను. లేదంటే అబద్ధమవుతుందేమో, ఉందంటే కొలువు పోతుందేమో, నాకే తెలియనిదాన్ని ఆయనకేం చెప్పను అన్నాడు. సారు తల్లి ఊళ్లవెంట కూలికి తిరిగి పెంచిందని, ఆ ఇంట్లో మొదటి జీతం ఈయనదేనని నాకు తెలుసు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చాలా దూరం పోయాక, నా మోకాలి మీద చేయి వేశాడు.

“తమ్మీ, నీకెప్పుడన్న అనుమానమొచ్చిందా?”

వచ్చింది సార్, ఒకసారి అన్నాను. ఏం చూసి అని అడిగాడు. వరండాలో నీళ్లు చూసి పక్కకు జరిగిన సంగతి చెప్పాను. ఆయన కాసేపు గుర్తు చేసుకుని, స్వీపరమ్మ అటు నుంచి నీళ్లున్నాయి సారూ అని కేకేసిందని, నువ్వు తర్వాత వచ్చి ఉంటావని చెప్పాడు. కోపం లేదు. ఏం చూశానో చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణేనని నా మోకాలు తట్టాడు. నాకు తేలికపడాల్సింది. కానీ ఆమె నిజంగా కేకేసిందా అన్న ప్రశ్న ఇల్లు చేరేదాకా నా వెంటే వచ్చింది. ఆమెను అడగాలని చాలాసార్లు అనుకుని, అడగలేదు.

హైదరాబాద్‌లో తలకు తీగలు అతికించి పరీక్ష చేశారు. కొన్నాళ్లకు రిపోర్టు వచ్చింది. మేడం గదిలో నేనే చదివాను, ఆయనకు కావలసినట్టు, మొత్తం. రెండు కళ్లకూ వెలుతురుకు స్పందన లేదని ఉంది. సర్టిఫికెట్ సరైనదేనని, ఫిర్యాదు కొట్టేశామని తర్వాత ఆఫీసు వాళ్లు చెప్పారు. మేడం కళ్లు తుడుచుకుంది. అందరూ వచ్చి ఆయన చేతులు పట్టుకున్నారు, మంచి జరిగింది సార్ అన్నారు. ఒక మనిషికి బొత్తిగా చూపు లేదని తేలినందుకు స్వీట్లు పంచుకున్నాం. ఆయన నోట్లో పెట్టిన మైసూర్ పాక్ నమలకుండా, స్పందన లేదు అన్నదా, ఉండకపోవచ్చు అన్నదా అని నన్ను అడిగాడు. లేదు అనే ఉంది సార్ అన్నాను.

“అయితే చిన్నప్పటి సంది నేను సూస్తున్నదేంది?”

మేమందరం ఆయన గెలిచాడనుకుంటున్నాం. ఆయన దగ్గరున్న ఒకే ఒక్క రంగును మిషను కాదనేసిందని నాకు అప్పుడు తట్టింది.

పత్రిక చదవడం మళ్లీ మొదలుపెట్టాడు. ఒకరోజు లాప్‌టాప్ దానంతటదే మొరాయించి ఫైళ్లు కొన్ని పోయాయి. ఆ ప్రోగ్రాం వల్లనా, ఎవరో పెట్టిన పెన్‌డ్రైవ్ వల్లనా అన్నది తేలలేదు. బాగుచేసినవాడు రెండూ కావచ్చన్నాడు. ఆ ప్రోగ్రాంను కాపలా ప్రోగ్రాం వాళ్లు ఒకసారి మంచిదన్నారు, దాని కొత్త రూపం రాగానే మళ్లీ దొంగన్నారు. సారు దాన్ని తీసెయ్యలేదు. అది మంచిదో చెడ్డదో నాకు ఇవాళ్టికీ తెలియదు.

తర్వాత బదిలీల్లో ఆయన తన సొంత ఊరి వైపు, అమ్రాబాద్ దగ్గరి బడికి వెళ్లాడు. ఆ మధ్య ఎన్నికల డ్యూటీ నాకు అటు పడితే ముందురోజు వాళ్లింట్లో దిగాను. ఆయన భార్య జొన్నరొట్టెలు, పచ్చిపులుసు పెట్టింది. పాత కబుర్లన్నీ చెప్పుకున్నాం గానీ రిపోర్టు ఊసు ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తెల్లవారక ముందే నాకు మెలకువ వచ్చింది. తలుపు తీసి ఉంది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని గడప మీద నిలబడి ఉన్నాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. అడుగుల చప్పుడు విని ఇటు తిరగలేదు. మొహం అడవి వైపే ఉంచి, వచ్చింది తమ్మీ అన్నాడు. ఎవరు వచ్చారోనని వాకిట్లోకి చూశాను. ఎవరూ లేరు. ఆయన చెప్పేది బూడిద సంగతని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. చెట్టు లేదు, గుట్ట లేదు, ఎదురింటి గోడ కూడా లేదు. నాకు అంతా నలుపే.

“నాకింకా ఏం కనిపిస్తలేదు సార్,” అన్నాను.

“జర ఆగు,” అన్నాడాయన. “వస్తది.”